హాజరు పట్టీలో ఖాళీ నెలలు

(ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మరికొద్ది నెలల్లో మీలో చాలామంది బడుల్లో చేరబోతున్నారు. చేరిన మొదటి రోజున మీ చేతికి అందేది హాజరు పట్టీ. దాన్ని పేర్లు పిలవడానికి వాడే పుస్తకంగానే చూడకుండా, ఆ ఊరి బతుకును నెలలవారీగా రాసిపెట్టిన కాగితంగా చదవమని కోరడానికే నేనీ రోజు మీ ముందుకు వచ్చాను. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆదోనికీ కోసిగికీ నడుమ ఉన్న ఊళ్లలో, నేను చాలా ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. అక్కడి పట్టీ జూన్ నుంచి అక్టోబరు దాకా ఏ ఊరి పట్టీలాగో ఉంటుంది. దీపావళి దాటిన తర్వాత ఒక్కో పేరుకు ఎదురుగా గైర్హాజరు గుర్తులు మొదలై, సంక్రాంతి నాటికి కొన్ని పేజీల్లో హాజరు గుర్తులే వెతుక్కోవలసి వస్తుంది. ఉగాది వెళ్లాక మళ్లీ ఒకరొకరుగా పిల్లలు కనిపిస్తారు. అప్పటికి పాఠాలు అయిపోయి పరీక్షలు దగ్గర పడి ఉంటాయి.

ఆ ప్రాంతంలో వలస అనే మాట పత్రికల్లోనే తప్ప జనం నోట పెద్దగా వినిపించదు. వాళ్లు "సుగ్గికి పోతాం సార్" అంటారు. సుగ్గి కన్నడంలో పంటకోతల కాలానికి పేరు. సరిహద్దు ఊళ్లు కాబట్టి మన తెలుగులోనూ కలిసిపోయింది. తమ పంట ఇంటికి చేరే సంబరానికి పెట్టుకున్న ఆ పేరు, ఇంటికి తాళం వేసి ఎవరి పంటనో కోయడానికి వెళ్లే ప్రయాణానికి పేరుగా మారిపోవడం వెనుక ఆ నేల చరిత్ర అంతా ఉంది. తుంగభద్ర పక్కనే పారుతున్నా అక్కడి భూమిలో ఎక్కువ భాగం వానను నమ్ముకున్నదే. వేసిన పత్తో వేరుశనగో చేతికొచ్చినా రాకపోయినా, ఆ తర్వాత ఊళ్లో పని ఉండదు. సరిగ్గా అదే సమయానికి గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు, తెలంగాణలో ఖమ్మం, గద్వాల వైపు పత్తి తీతలు జోరందుకుంటాయి, వాటి వెనకే మిరప కోతలు వస్తాయి. బియ్యం మూట, వంట గిన్నెలు, దుప్పట్లు, ఒక్కోసారి కోడిపెట్టను కూడా బండి మీద కట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. ఆ బండిలో మన మూడో తరగతి పిల్ల కూడా కూర్చుని ఉంటుంది.

వలస పిల్లల చదువును పాడు చేస్తుందా, బాగు చేస్తుందా అన్న ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. దాని ఫలితాలు ఒకదానికొకటి ఎదురు నిలబడినట్టు కనిపిస్తాయి. 1997లో ఆసియా దేశాల్లో ద్రవ్య సంక్షోభం వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్ పెసో విలువ పడిపోయింది. విదేశాల్లో పనిచేస్తున్న వాళ్లు పంపే డబ్బు ఇంటికి చేరేసరికి ఉన్నట్టుండి పెరిగింది, కానీ వాళ్లున్న దేశపు కరెన్సీని బట్టి కొన్ని కుటుంబాలకు ఎక్కువగా, కొన్నింటికి తక్కువగా పెరిగింది. డీన్ యాంగ్ అనే ఆర్థికవేత్త ఈ తేడాను పట్టుకుని చూస్తే, డబ్బు ఎక్కువగా అందిన ఇళ్లలో పిల్లల చదువు పెరిగి, వాళ్లు చేసే పని తగ్గినట్టు తేలింది. మెక్సికో గ్రామీణ ప్రాంతాల మీద డేవిడ్ మెకెంజీ, హిల్లెల్ రాపోపోర్ట్ చేసిన అధ్యయనంలో దీనికి భిన్నమైన చిత్రం కనిపించింది. అమెరికాకు వలస వెళ్లిన వాళ్లున్న ఇళ్లలో పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య మగపిల్లలు చదువు ఆపి తామూ వలస దారి పట్టారు, ఆడపిల్లలకు ఇంటిచాకిరీ పెరిగింది.

ఈ రెంటిలో ఏది నిజమని నన్ను ఎవరైనా అడిగితే, రెండూ నిజమేననీ, రెండూ మన సుగ్గి బండిలోని పిల్ల గురించి కావనీ చెబుతాను. ఆ రెండు చోట్లా వెళ్లింది ఇంట్లో ఒకరో ఇద్దరో. పిల్లలు ఊళ్లోనే ఉన్నారు, డబ్బు ఊరికి వచ్చింది. మన దగ్గర వెళ్లేది ఇల్లంతా. మెక్సికో పిల్లవాడి పోలిక మాత్రం మన తొమ్మిదో తరగతిలో కనిపిస్తుంది. పెదనాన్న కొడుకు బెంగళూరులో సెంట్రింగ్ పనికి వెళ్లి కొత్త ఫోనుతో ఊరికొస్తే, పదో తరగతి పాసై ఏం సాధించాలని మన విద్యార్థి అడుగుతాడు. అతనికి జవాబు చెప్పడం కష్టమే గానీ, ఈ రోజు నా దృష్టి అంతకంటే చిన్న పిల్లల మీద, అంటే వెళ్లాలో వద్దో తమకు తాము నిర్ణయించుకోలేని వాళ్ల మీద ఉంది.

యునెస్కో 2019 ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక వలస మీదే వచ్చింది. 2013 నాటి లెక్క ప్రకారం మన దేశంలో కాలానుగుణ వలస వెళ్లే వ్యక్తి ఉన్న గ్రామీణ కుటుంబాల్లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 1 కోటి 7 లక్షల మంది ఉన్నారని అందులో ఉంది. అలాంటి ఇళ్లలో 15 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 28 శాతం మంది నిరక్షరాస్యులుగానో ప్రాథమిక విద్య పూర్తికాకుండానో మిగిలిపోయారు. మొత్తం ఆ వయసు వాళ్లలో ఇది 18 శాతం. ఈ పది శాతం తేడాలో పేదరికం వాటా ఎంతో, ఊరు విడిచి వెళ్లడం వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు. అయితే తేడా ఎక్కడ పుడుతుందో పొలం గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది. నాకు అలాగే కనిపించింది.

ఒక ఏడాది జనవరిలో, మా బడి పిల్లలు ఎలా ఉన్నారో చూడాలని తోటి ఉపాధ్యాయుడితో కలిసి గుంటూరు వైపు వెళ్లాను. చేను పక్కన నీలం పట్టాలతో వేసిన గుడారాలు, వేపచెట్టు కొమ్మకు పాత చీరతో కట్టిన ఉయ్యాల, అందులో నెలల పిల్లవాడు. ఉయ్యాల ఊపుతున్నది మా మూడో తరగతి పిల్ల. నన్ను చూడగానే లేచి నిలబడి, బడిలో నిలబడినట్టే చేతులు కట్టుకుంది. తమ్ముడు నిద్రపోయాక తల్లి వెంట సాలులోకి దిగి, పగిలిన కాయల్లోంచి పత్తి తీసి తల్లి నడుముకు కట్టుకున్న ఒడిలో వేసింది. కాయ అంచులు ఎండి ముళ్లలా ఉంటాయి కాబట్టి గోళ్ల చుట్టూ చర్మం చీరుకుపోయి ఉంది. సాయంత్రం కాటా వేసినప్పుడు రైతు తన చిన్న పుస్తకంలో తల్లి పేరు రాసుకుని, ఎదురుగా కిలోలు వేసుకున్నాడు. ఆ కిలోల్లో ఈ పిల్ల తీసిన పత్తి ఎంతో ఆ పుస్తకంలో లేదు. బడిలో మా పట్టీలో ఆమె పేరు ఉంది, ఆమె లేదు. ఇక్కడ ఆమె ఉంది, పేరు లేదు.

దయచేసి ఈ కాటా దగ్గర కాసేపు ఆగండి. పిల్లల చదువు గురించి మాట్లాడేవాళ్లు తల్లిదండ్రుల అవగాహన గురించి చాలా మాట్లాడతారు. నా అనుభవంలో దానికంటే బలమైనది కూలి లెక్కకట్టే పద్ధతి. రోజుకూలికి పిలిచిన చోట ఎనిమిదేళ్ల పిల్లను వెంట తీసుకుపోతే తల్లికి ఒక్క రూపాయి కూడా అదనంగా రాదు. కిలో లెక్కన పిలిచిన చోట ఆ చిన్న చేతులు తీసిన ప్రతి పిడికెడూ డబ్బే అవుతుంది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. కానీ బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ కుటుంబానికి సాయపడటాన్ని మినహాయించారు. కిలో లెక్క కూలిలో పిల్ల పనిని వేరుగా చూపే కాగితం ఏదీ ఉండదు గనుక, తనిఖీకి వచ్చిన అధికారికి అది తల్లికి చేసిన సాయంగానే కనిపిస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. బయలుదేరే ముందే కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చకుండా ఆమె ఊరికి తిరిగి రావడం కుదరదు.

ఇదే లెక్క మరింత కఠినంగా ఉండేది ఇటుక బట్టీల్లో. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా పడమటి ఒడిశా వాళ్లు, బలంగీర్, నువాపడా జిల్లాల వాళ్లు. వాళ్ల పెద్ద పండుగ నువాఖాయి, కొత్త బియ్యం తినే పండుగ. అది వెళ్లిన తర్వాత సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే దళారులు, ఊళ్లలోకి వచ్చి అడ్వాన్సులు ఇస్తారు. ఆపైన కాంటాబంజి స్టేషన్‌లో రైలెక్కి రంగారెడ్డి, సంగారెడ్డి, పెద్దపల్లి జిల్లాల బట్టీలకు చేరి, వానలు మొదలయ్యే దాకా అక్కడే ఉంటారు. అక్కడ అడ్వాన్సు ఇచ్చేది మనిషికి కాదు, పథురియాకు. భార్య, భర్త, వాళ్లకు తోడు ఒక పిల్లవాడో ఇంకో మనిషో కలిస్తే ఒక పథురియా. కూలి వెయ్యి ఇటుకల లెక్కన కడతారు. కోసిన పచ్చి ఇటుకలు ఎండే కొద్దీ వాటిని తిరగవేయాలి. పెద్దవాళ్లు నడిస్తే బరువుకు పచ్చి ఇటుక చెడుతుంది. అందుకని పదేళ్లలోపు పిల్లలు ఆ వరసల మీద అడుగులు వేస్తూ ఒక్కొక్కటే తిప్పుతారు. ఆ పిల్లవాడి తేలికైన ఒళ్లే అక్కడ పనిముట్టు. ఒప్పందంలోనే పిల్లవాడిని ఒక చెయ్యిగా లెక్కకట్టిన చోట, బడికి పంపండి అని ఆ తండ్రికి చెప్పే మాటకు ఎంత బలం ఉంటుందో మీరే ఆలోచించండి.

పంపినా ఏ భాషలో? ఒడియా బడిలో రెండో తరగతి చదివిన పిల్లవాడు మన తెలుగు బడిలో కూర్చుంటే, చెప్పేది అర్థం కాక నాలుగు రోజుల్లో మానేస్తాడు. బట్టీల దగ్గరే బడులు పెట్టి, ఒడిశా నుంచి పాఠ్యపుస్తకాలూ చదువు చెప్పేవాళ్లూ వచ్చేలా చేసిన ప్రయత్నాలు మన దగ్గర జరిగాయి. అవి జరిగిన చోట మంచి ఫలితం ఇచ్చాయి గానీ, ప్రతి ఏడాదీ మళ్లీ మొదటి నుంచి ఎవరో ఒకరు పట్టుదలతో నడిపితే తప్ప నిలవడం లేదు. ఈ విషయంలో తెలుగువాళ్లుగా మనకు ఒక పాత బాకీ ఉంది. పాలమూరు, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి మన వాళ్లు తరతరాలుగా ముంబైకి వెళ్లారు, తట్టమోశారు, మిల్లుల్లో పనిచేశారు. వాళ్ల పిల్లల కోసం ముంబై నగరపాలక సంస్థ మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ బడులతో పాటు తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. మన పిల్లలకు పరాయి నగరం తెలుగులో అక్షరాలు దిద్దించింది. మన గడ్డ మీద ఇటుకలు తిప్పుతున్న ఒడియా పిల్లవాడికి మనం ఆపాటి గౌరవం ఇవ్వాలని అడగడం దయ చూపమనడం కాదు.

చైనాలో సంగతి వేరు. అక్కడ 1958 నుంచి ఉన్న హుకౌ నమోదు పద్ధతిలో మనిషికి అందే సర్కారు సేవలు చాలావరకు పేరు నమోదైన ఊరికి ముడిపడి ఉంటాయి. నగరానికి పనికి వెళ్లిన గ్రామీణుడి బిడ్డకు నగరపు బడిలో చోటు దొరకడం కష్టం, దొరికినా కళాశాల ప్రవేశ పరీక్ష రాయడానికి సాధారణంగా నమోదైన చోటికే తిరిగి రావాలి. అందుకే తల్లిదండ్రులు పిల్లలను అవ్వతాతల దగ్గర వదిలి వెళ్లారు. అలా ఊళ్లలో మిగిలిపోయిన పిల్లలు 2010 జనగణన ఆధారంగా వేసిన లెక్కలో ఆరు కోట్లు దాటారు. అక్కడ బిడ్డను వెంట తీసుకుపోకుండా చట్టం ఆపింది. మన చట్టం ఎవరినీ ఆపదు, పైగా ఎంతో ఉదారంగా రాసుకున్నాం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టాన్ని తెరిచి చదవండి. వలస కుటుంబాల పిల్లలను చేర్చుకోవడం స్థానిక సంస్థల విధి అని తొమ్మిదో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. టీసీ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించకూడదని ఐదో సెక్షన్, వయసు రుజువు లేదని నిరాకరించకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతున్నాయి. వెనకబడిన పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని నాలుగో సెక్షన్ చెబుతోంది.

ఇంత ఉన్నా, నేను పనిచేసిన కాలంలో ఒక తండ్రి కోతల ఊళ్లో బిడ్డను బడికి తీసుకెళితే, ఆన్‌లైన్‌లో పాత బడిలో పేరు తీయించుకుని రమ్మని తిప్పి పంపారు. రెండు నెలల కోసం ఆయన మా ఊరికి వచ్చి పేరు తీయించుకుని వెళ్లడం, మళ్లీ ఉగాదికి ఇక్కడ చేర్పించడం జరిగే పని కాదు. బిడ్డ చేలోకే వెళ్లాడు. ఒక పిల్లవాడు ఒకే కాలంలో రెండు బడులకు చెందగలడనే ఊహ మన పట్టీకి లేదు. అదే చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు ఉండాలంటుంది. సుగ్గికి వెళ్లే పిల్లకు వాటిలో సగం దక్కితే గొప్ప. ఐదేళ్లు బడికి వచ్చిన పిల్ల నిజంగా చదివింది రెండున్నరేళ్లు. ఐదో తరగతిలో రెండో తరగతి వాచకం తడబడుతూ చదివే పిల్లను మందబుద్ధి అని ఎవరైనా అంటే, ముందు ఈ రోజులు లెక్కపెట్టమని అడగండి.

ఆడపిల్ల విషయం విడిగా చెప్పాలి. కుటుంబం వెళ్లేటప్పుడు ఎవరిని వెంట తీసుకుపోవాలి, ఎవరిని ఊళ్లో వదలాలి అన్న నిర్ణయంలో మగపిల్లవాడిని బడి కోసం అవ్వ దగ్గర వదిలి, అక్కను చంటివాడిని ఎత్తుకోవడానికి తీసుకుపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. కొన్ని ఇళ్లలో అవ్వకు వండిపెట్టడానికి అక్కను ఊళ్లో ఉంచుతారు. ఆమె ఊళ్లో ఉన్నా బడికి రాదు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చాక గుడారాల్లో ఆడపిల్లను ఉంచడానికి తల్లికి భయం, ఊళ్లో ఒంటరిగా వదలడానికీ భయం. ఈ రెండు భయాలకూ ఒకటే దారిగా పెళ్లి చేసేస్తారు. నా బడి నుంచి అలా వెళ్లిన పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఏం చేయవచ్చో మనకు తెలియనిది కాదు. శాంతా సిన్హా గారి నాయకత్వంలో 1990లలో రంగారెడ్డి జిల్లా ఊళ్లలో, పనిలో ఉన్న పిల్లలను విడిపించి కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి బడిలో కూర్చోబెట్టిన పని దేశానికే దారి చూపింది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది కూడా ఆ పనికే. వలస కాలంలో పిల్లలు సొంత ఊరి బడిలోనే ఉండి తిని చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు అనే ఏర్పాటు మన దగ్గర ఉంది. నేను దాన్ని మనసారా నమ్ముతాను, ఒక షరతు మీద. హాస్టల్ తలుపు బండి బయలుదేరక ముందు తెరవాలి. తల్లి వచ్చి, ఎక్కడ పడుకుంటారో చూసి, వండే మనిషి ఎవరో తెలుసుకుని, బిడ్డను అప్పగించి వెళ్లాలి. అనుమతి కాగితం సంక్రాంతికి వస్తే అప్పటికి బిడ్డలు గుంటూరులో ఉంటారు, హాస్టల్‌లో వంటపాత్రలు ఉంటాయి.

డబ్బు సాయం గురించీ ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకం బిడ్డను బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించింది. దానికి 75 శాతం హాజరు షరతు పెట్టారు. ఆ షరతు వల్ల బిడ్డను అవ్వ దగ్గర వదిలి వెళ్లిన తల్లులు ఉండవచ్చు, అది మంచిదే. అవ్వ లేని ఇంటికి మాత్రం ఆ షరతు శిక్షగా మారింది. ఉపాధి హామీ పథకం మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న మొదలైంది. ఆ పనులు మన దగ్గర ఎక్కువగా నడుస్తూ వచ్చింది వేసవిలో. సుగ్గి మొదలయ్యేది దీపావళికి. నవంబరులో ఊళ్లో పని దొరికి, వారం వారం కూలి చేతికి వస్తే కొన్ని బండ్లయినా కదలవని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇవన్నీ మీ చేతుల్లో లేనివి. మీ చేతుల్లో ఉన్నది చెబుతాను. సుగ్గికి ఏ ఇల్లు ఎప్పుడు, ఎక్కడికి, ఏ మేస్త్రీతో వెళుతుందో దసరా సెలవుల నాటికి మీ పుస్తకంలో ఉండాలి. అది జీవోలతో తెలియదు, సాయంత్రం పూట రచ్చబండ దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. గుంటూరు ప్రయాణం తర్వాతి ఏడాది నేను వెళ్లే ప్రతి పిల్లకూ ఒక కాగితం రాసిచ్చాను. పేరు, తరగతి, తెలుగు వాచకంలో ఎన్నో పాఠం దాకా వచ్చింది, ఎక్కాలు ఎంత దాకా వచ్చాయి, కూడికల్లో ఎక్కడ తప్పులు చేస్తోంది, కింద బడి ముద్ర, నా ఫోను నంబరు. పక్కన ఏ బడి ఉంటే ఆ సారుకు చూపించమని తల్లులకు చెప్పి, బియ్యం మూటలో తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టించాను. చాలా కాగితాలు ఏమయ్యాయో తెలియదు. మార్చి ఆఖరులో ఆ ఉయ్యాల ఊపిన పిల్ల తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. వెనక వైపు ఎవరో ఉపాధ్యాయురాలు నీలి సిరాతో రాశారు: "నలభై ఒక్క రోజులు వచ్చింది. తమ్ముడిని కూడా తెచ్చుకుంది, ఇబ్బంది లేదు. ఆరో ఎక్కం వచ్చింది, ఏడు నేర్పించండి."